డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు – చెప్పుకోవడానికి సిగ్గుపడే జబ్బు



ఆరోగ్య ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయవలసిందిగా మన కార్యవర్గం వారు నన్ను కోరారు. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్ల మీద నోట్లు రాసిన చేయి కనుక కాగితం, కలం కొత్త కాదు గాని, వైద్యం నా శాఖ కాదు. అయినా డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకున్నాక వేరొక పేరు మనసుకు రాలేదు. మన పరవాడ పక్కనే ఇంత పెద్ద ఫార్మాసిటీ ఉంది. అందులో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల్లో ఆయన పేరు విన్నవారు ఎందరో నాకు అనుమానమే. ఇంకొక కారణం కూడా ఉంది. నలుగురిలో చెప్పుకోవడానికి మనం సిగ్గుపడే పేగుల జబ్బు ఆయన ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది. ఆయనను కూడా మంచాన పడవేసింది. ఆయన జీవితం ఆ దెబ్బతోనే మలుపు తిరిగింది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రిగారిది రెవెన్యూ శాఖ, అంటే మనవారే. ఆరోగ్యం చెడి ఆయన ముందుగానే ఉద్యోగం విడవవలసి వచ్చింది. ఏడుగురు పిల్లల సంసారం, రాబడి అంతంత మాత్రం. పిల్లవాడికి చదువు మీద మొదట్లో మనసు నిలవలేదు. 13వ ఏట ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని బయలుదేరితే, తల్లి వెనక్కు రప్పించి మళ్లీ బడిలో వేశారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మద్రాసు ట్రిప్లికేన్ హిందూ హైస్కూలు నుంచి మూడోసారి గట్టెక్కారు. ఈలోగా తండ్రి పోయారు. ఆ చదువు వెంకమ్మ గారి నగలు అమ్మిన డబ్బుతో సాగింది. మనవలు ఒకసారి తప్పితేనే తల పట్టుకునే తాతయ్యలు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతుండగా రామకృష్ణ మఠం వైపు మనసు మళ్లి సన్యాసం పుచ్చుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే పదిమందికి సేవ చేయవచ్చునని పెద్దలు నచ్చజెప్పగా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో వివాహమయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకు అండగా నిలిచారు. అవి గాంధీగారి పిలుపుతో విదేశీ బట్టలు మానుతున్న రోజులు. ఈయన ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు తొడుక్కుని వెళ్లారు. శస్త్రచికిత్స ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్ దొరగారికి అది గిట్టలేదు. పర్యవసానంగా ఎం.బి.బి.ఎస్. రావలసిన వ్యక్తికి ఎల్.ఎం.ఎస్. డిప్లొమా మాత్రమే చేతికి వచ్చింది. పై అధికారి కోపం వల్ల పదోన్నతి పోయిన ఉద్యోగి బాధ ఏమిటో మనకు వేరే చెప్పనక్కరలేదు. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులోనూ ఆయనకు చోటు దొరకలేదు.

ఆ సంవత్సరాల్లోనే ఇంటి మీద పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల తేడాలో పోయారు. జబ్బు పేరు స్ప్రూ. మన ఆయుర్వేదంలో గ్రహణి అని చెప్పేదానికి దగ్గరగా ఉంటుంది. అది చిన్నపేగు జబ్బు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నాలుక పుండవుతుంది, రక్తం పలుచబడి మనిషి చిక్కి శల్యమవుతాడు. వైద్య విద్యార్థి ఇంట్లో ఉండి కూడా చేయగలిగింది లేదు, ఎందుకంటే ఆ రోగం దేనివల్ల వస్తుందో ఆనాడు ప్రపంచంలో ఏ డాక్టరుకూ తెలియదు. తరువాత అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బయటపడ్డారు. ఆ కృతజ్ఞతతో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించారు. అయితే మందు పనిచేసింది కదా అని ఊరుకోలేదు. ఎందుకు పనిచేసిందో తెలియాలన్న పట్టుదల ఆయనను పట్టుకుంది.

మామగారి సాయంతోనూ, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆసరాతోనూ ఓడెక్కి, 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో సీటు ఉంది గాని తిండికి డబ్బు లేదు. అక్కడ వైద్యం చేయడానికి మన డిప్లొమా చెల్లదు. కనుక బ్రిగాం ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి కుదిరారు. రోగుల మలమూత్రాల బెడ్‌పాన్లు ఎత్తి, కడిగి పెట్టడం పని. పగలు హార్వర్డ్ చదువు, రాత్రి ఆ పని.

ఇక్కడ కొంచెం ఆగుతాను. నిష్ఠగా పెరిగిన ఇంటి బిడ్డ, చదువుకున్న డాక్టరు, పరాయివాళ్ల మలం ఎత్తడానికి సిగ్గుపడలేదు. మనం మన మలం సంగతి మన డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడతాం. బి.పి. ఎంతో, షుగర్ ఎంతో పార్కు బెంచీ మీద గర్వంగా చెప్పుకుంటాం. విరేచనంలో నెత్తురు పడిందని మాత్రం కట్టుకున్న భార్యకు కూడా చెప్పం. ఆడవారయితే మరీను, కోడలికి తెలిస్తే ఏమనుకుంటుందో అని కడుపులోనే దాచుకుంటారు.

బోస్టన్‌లో ఆయన గడిపిన పద్దెనిమిదేళ్ల పరిశోధన గురించి చెప్పాలంటే ఈ సంచిక చాలదు, నాకు అంత శాస్త్రజ్ఞానమూ లేదు. క్లుప్తంగా చెబుతాను. సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో రూపొందించారు. ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అన్న ఆ పేరు వైద్య విద్యార్థులు తరతరాలుగా చదువుతున్నారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలను వెలికి తీశారు. 1930లో పిహెచ్.డి. పొందారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరి, కొద్దికాలంలోనే పరిశోధనకు పెద్ద అయ్యారు.

ఇక అసలు పాత బాకీ తీర్చుకునే సమయం వచ్చింది. కాలేయంలోనూ ఆకుకూరల్లోనూ అతి స్వల్పంగా ఉండి రక్తం తయారుకు అవసరమయ్యే ఒక విటమిన్ కోసం చాలామంది వెదుకుతున్నారు. సుబ్బారావు గారి బృందం దానిని ప్రయోగశాలలో తయారు చేసి 1945లో ప్రకటించింది. అదే ఫోలిక్ ఆమ్లం. నేడు గర్భిణీ స్త్రీలకు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది ఇదే. టామ్ స్పైస్ అనే అమెరికా వైద్యుడు దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే, మంచం పట్టినవారు కొద్దిరోజుల్లో లేచి తినసాగారు. అన్నదమ్ములు పోయిన సుమారు పాతికేళ్లకు వారి జబ్బుకు మందు దొరికింది.

ఆ వెంటనే వైద్యులకు ఒక సంగతి అనుభవంలోకి వచ్చింది. బి12 విటమిన్ లోపంతో రక్తం తగ్గినవారికి ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తం పెరుగుతుంది, మొహం కళ తేరుతుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అంటే రక్తం తక్కువ కావడం జబ్బు కాదు, జబ్బు పంపిన నోటీసు. ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా నోటీసు చింపేస్తే కేసు పోదు. ఇది మన వయసువారికి మరీ ముఖ్యం. అరవై దాటిన మనిషికి, అందునా మగవాడికి, ఇనుము తగ్గి రక్తహీనత వచ్చిందంటే, లోపల ఎక్కడో నెత్తురు కారుతున్నదేమో చూడాలి. పెద్దపేగులో పుట్టే పుండు గాని, గడ్డ గాని నెలల తరబడి కంటికి కనబడకుండా నెత్తురు కారుస్తుంది. మనం ఆయాసం వయసు వల్ల అనుకుని టానిక్ తాగుతాం.

నాతో పనిచేసిన ఒక మిత్రుడు, పేరు అక్కరలేదు, పదవీ విరమణ చేసిన నాలుగో ఏట విరేచనంలో నెత్తురు చూశాడు. మొలలే అనుకున్నాడు. పథ్యం, లేహ్యం, పచ్చిమిరప మానడం, ఇలా ఏడాదిన్నర గడిచింది. బరువు తగ్గితే వాకింగ్ వల్ల అని సంతోషించాడు. చివరకు కడుపు ఉబ్బి ఆసుపత్రికి తీసుకుపోతే పెద్దపేగు కేన్సర్ అని, కాలేయానికి పాకిందని తేలింది. ఎనిమిది నెలలు బతికాడు. గ్రాట్యుటీ లెక్కలో పది రూపాయలు తేడా వస్తే రెండేళ్లు ఉత్తరాలు రాసి సాధించిన మనిషి. తన ఒంటి లెక్కలో ఆ తేడా ఎందుకొచ్చిందని ఎవరినీ అడగలేదు.

మళ్లీ సుబ్బారావు గారి దగ్గరకు వద్దాం. ఫోలిక్ ఆమ్లం కణాలు పెరగడానికి అవసరం అయినప్పుడు, దానిలాగే కనబడే నకిలీ పదార్థం ఇస్తే కేన్సర్ కణాల పెరుగుదల ఆగుతుంది కదా. ఇది ఆఫీసులో నకిలీ ఉత్తర్వు వంటిది. నమూనా అదే, సీలు అదే, కాని దానితో పని ముందుకు సాగదు. పెర్ల్ రివర్‌లో ఆయన బృందం అటువంటి పదార్థాలను తయారు చేసి బోస్టన్‌లోని డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు పంపింది. 1947 చివర అమినోప్టెరిన్ అనే మందును రక్త కేన్సర్‌తో చావు అంచున ఉన్న పసిపిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. మాత్ర ద్వారా, సూది ద్వారా కేన్సర్ వెనకడుగు వేయవచ్చునని లోకం నమ్మడం అక్కడ మొదలయింది. అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. కీళ్లవాతానికి మన ఇళ్లల్లో కొందరు వేసుకుంటున్నది ఇదే. దానిని వారానికి ఒకసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం, కనుక చీటీ జాగ్రత్తగా చదవండి.

పెద్దపేగు కేన్సర్ చికిత్సకూ సుబ్బారావు గారికీ సంబంధం ఉంది. ఆ జబ్బుకు నేడు కూడా ముఖ్యంగా వాడే ఫ్లోరోయురాసిల్ అనే మందు 1957లో వచ్చింది. అది ఇంకా గట్టిగా పనిచేయడానికి తోడుగా ఫోలినిక్ ఆమ్లం ఎక్కిస్తారు. ఫోలిక్ ఆమ్లానికి అది దగ్గరి చుట్టం. అన్నదమ్ముల పేగుల జబ్బు వెంట బయలుదేరిన మనిషి పని ఈనాడు మన పేగుల కేన్సర్ సెలైన్ బాటిల్లో తేలింది.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఫార్బర్ గారి పిల్లలకు వచ్చిన గుణం కొద్ది నెలలు మాత్రమే నిలిచింది. పెద్దపేగు విషయంలోనూ అంతే. ముదిరిన తరువాత ఎంత గొప్ప మందయినా చాలామందికి కొంతకాలం గడువు ఇస్తుంది గాని జబ్బును తుడిచిపెట్టడం అరుదు. అమెరికా లెక్కలు చూస్తే, పేగులోనే ఉండగా పట్టుబడిన వారిలో పదిమందికి తొమ్మండుగురు అయిదేళ్లు దాటుతున్నారు. దూరపు అవయవాలకు పాకాక పట్టుబడిన వారిలో పదిమందికి ఒకరిద్దరే. మందు అదే, డాక్టరు అదే, తేడా అంతా తేదీలోనే ఉంది.

స్ప్రూ విషయంలో సుబ్బారావు గారి కుటుంబానికి లేని అవకాశం ఇక్కడ మనకుంది. ఈ కేన్సర్ చాలావరకు పెద్దపేగు లోపలి పొరలో పులిపిరి వంటి చిన్న బుడిపెగా మొదలవుతుంది. పాలిప్ అంటారు. అన్ని పాలిప్‌లూ కేన్సర్ కావు. అయ్యేవి కూడా సుమారు పదేళ్లు తీసుకుంటాయి. ఆ పదేళ్లలో నొప్పి ఉండదు, కాని అప్పుడప్పుడు కంటికి కనబడనంత నెత్తురు కారుతుంది. ఆ నెత్తురు మలంలో ఉందో లేదో చూసే పరీక్ష చాలా చిన్నది. నేడు వాడే పద్ధతిని ఫిట్ పరీక్ష అంటారు. ఇంట్లోనే చిన్న పుల్లతో కొంచెం మలం తీసి, సీసాలో పెట్టి ల్యాబుకు ఇస్తే చాలు. ఉపవాసం లేదు, సూది లేదు. అమెరికాలోని మిన్నెసోటాలో 46 వేల మందికి పైగా మనుషులను 13 ఏళ్లు గమనించి 1993లో ఒక ఫలితం ప్రకటించారు. ఇటువంటి మల పరీక్ష, పాత పద్ధతిలోనిదే, ఏటా చేయించుకున్నవారిలో ఈ కేన్సర్ చావులు మూడో వంతు తగ్గాయి. కనుక ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినట్లే ఏటా దీనినీ చేయించుకోవాలి.

పరీక్షలో నెత్తురు ఉందని వస్తే కేన్సర్ అని అర్థం కాదు. ఎక్కువమందికి కాదు కూడా. కాని అప్పుడు కొలనోస్కోపీ తప్పదు. రెండోసారి మల పరీక్ష చేయించి, అది బాగుంటే ఊరుకుందామనుకోవడం తప్పు. నెత్తురు రోజూ కారదు. కొలనోస్కోపీలో వెనుక నుంచి సన్నని కెమెరా గొట్టం పంపి పెద్దపేగు అంతా చూస్తారు. పాలిప్ కనబడితే అక్కడికక్కడే తీసివేస్తారు, దానితో రాబోయే కేన్సరే పోతుంది. నిజానికి పరీక్ష కంటే ముందురోజు కష్టం. ద్రవాలు మాత్రమే తీసుకుని, భేదిమందు నీళ్లు తాగి కడుపు ఖాళీ చేసుకోవాలి. రాత్రంతా తిరగడమే. పేగుకు చిల్లు పడటం, నెత్తురు కారడం వంటి అపాయాలు అరుదుగా ఉన్నాయి, వయసుతో కొంచెం పెరుగుతాయి. అంతా బాగుంటే మళ్లీ పదేళ్ల వరకు అక్కరలేదు.

వయసు సంగతి. అమెరికాలో 45 నుంచి 75 ఏళ్ల వరకు అందరికీ సిఫారసు చేస్తున్నారు. 76 దాటినవారు, అంటే మనలో చాలామంది, తమ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. 85 తరువాత అవసరం లేదంటారు. కనుక ఈ వ్యాసం మనకంటే మన కొడుకులకు, కూతుళ్లకు, అల్లుళ్లకు, కోడళ్లకు ఎక్కువ. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ జబ్బు వచ్చి ఉంటే 40వ ఏటనే, లేదా వారికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందే మొదలుపెట్టాలి. ఇంట్లో ఎవరు దేనితో పోయారో పిల్లలకు చెప్పాలి. కడుపు జబ్బుతో పోయాడని తేల్చివేయకూడదు. మన దేశంలో ఈ కేన్సర్ పాశ్చాత్య దేశాలకంటే తక్కువే. అందువల్లనే ప్రభుత్వం వారు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం కేన్సర్లకు పరీక్షలు పెట్టారు గాని దీనికి పెట్టలేదు. ఎవరూ ఇంటికి వచ్చి అడగరు, మనమే అడిగి చేయించుకోవాలి. ఇప్పటికే నెత్తురు పడుతున్నా, విరేచనాల తీరు వారాల తరబడి మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఫిట్ పరీక్షతో కాలయాపన చేయక నేరుగా డాక్టరును కలవాలి.

డాక్టర్ ఫార్బర్ గారు సయితం పెద్దపేగు వాపు జబ్బుతో బాధపడి, ఆపరేషన్‌తో పేగు తీయించుకున్నవారే. ఆ తరువాత ఏళ్ల తరబడి పనిచేసి 1973లో పోయారు. సుబ్బారావు గారికి అంత ఆయుర్దాయం లేదు. 1948 జూన్‌లో రక్త కేన్సర్ ఫలితాలు, జూలైలో ఆయన పర్యవేక్షణలో వచ్చిన ఆరియోమైసిన్ ప్రకటన, ఆగస్టులో నిద్రలోనే గుండెపోటు. 53 ఏళ్లు. 1922లో విడిచి వెళ్లిన శేషగిరి గారిని మళ్లీ చూడలేదు. తొమ్మిది నెలలకే పోయిన కొడుకును అసలు చూడలేదు. అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. ఆయన శతజయంతి సంవత్సరం 1995లో మన తపాలా శాఖ బిళ్ల విడుదల చేసింది. బోదకాలు రాకుండా మన కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆయన ప్రయోగశాల నుంచే 1947లో వచ్చింది. మింగినవారిలో ఎవరికీ ఆ పేరు చెప్పి ఉండరు.

ఇక మన ప్రాంతం వారికి నాలుగు మాటలు. పరవాడ 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్నా వైద్యానికి విశాఖే దగ్గర. కె.జి.హెచ్.లో జీర్ణకోశ వ్యాధుల విభాగం ఉంది. టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి అగనంపూడిలోనే ఉంది. హెల్త్ కార్డు ఉన్నవారు అది చికిత్సకే వర్తిస్తుందా, పరీక్షకు కూడా వర్తిస్తుందా అని వెళ్లేముందే కౌంటరులో అడిగి తెలుసుకోండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలు, షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవారు కొలనోస్కోపీకి తేదీ తీసుకునేటప్పుడే ఆ సంగతి చెప్పాలి, సొంతంగా మానకూడదు. పాత రిపోర్టులు, మందుల చీటీలు ఒక కవరులో పెట్టుకోండి. మత్తు ఇస్తారు కనుక ఆ రోజు స్కూటరు మీద ఒంటరిగా వెళ్లవద్దు, ఇంట్లోవారిని ఎవరినైనా వెంట తీసుకువెళ్లండి.